చేనికిని అడవికిని నడుమ

పైరుచేలపై ఆధారపడి బ్రతుకు జింకను వేటాడదలచినవాడు ముందుగా చేనికి వీపు త్రిప్పి, దాని చుట్టునున్న అడవిని చూడవలసియుండును. క్రొత్తవానికి ఇది రుచింపదు. సాయంసంధ్యవేళ పచ్చని సోయాచిక్కుడు చేనిలో పది పదునైదు జింకలు తలలు వంచి మేయుచుండగా దారిన పోవుచు చూచినవానికి, ఆ చేని గట్టుననే ఒక చెట్టెక్కి కూర్చుండిన చాలునని తోచుట సహజము. కాని ఆ జింకలు పగలెల్ల ఎక్కడ గడపినవో, ఏ త్రోవను వచ్చినవో, గాలి ఎటు వీచుచుండగా వచ్చినవో, చీకటి పడుటకు ఎంత ముందుగా చేనిలో కాలుపెట్టినవో తెలియనిచో, ఆ కనులపండువైన దృశ్యమువలన వేటగానికి కలుగు లాభము మిక్కిలి స్వల్పము.

ఉదాహరణమునకు అమెరికా సంయుక్తరాష్ట్రములలోని విస్కాన్సిన్ నైరృతి భాగమును తీసికొందము. హిమయుగమున ఉత్తరమునుండి దిగివచ్చిన మహాహిమానీనదములు చుట్టుపట్ల నేలనంతయు రాచి చదును చేసినను, ఈ భాగమును మాత్రము తాకక విడిచిపోయినవి. మంచు మోసికొనివచ్చి పోసిన రాళ్లును మట్టియు ఇచ్చట లేకపోవుటచేత దీనిని 'డ్రిఫ్ట్‌లెస్' ప్రాంతమని వ్యవహరింతురు. నిడుపాటి కొండవెన్నులు, వాని నడుమ లోతైన లోయలు, లోయల అడుగున చల్లని యేళ్లు. వెన్నులమీదను పల్లములందును పైరు, నడుమనున్న నిట్రవాలు మాత్రము నాగలికి లొంగక ఓక్, హికరీ వృక్షములతో నిండియుండును. 1933లో ఇచ్చటి కూన్ వ్యాలీయందు, ఒక యేటి పరీవాహక ప్రదేశమునంతటిని ఏకముగా గ్రహించి నేలకోతను అరికట్టు ప్రణాళిక ఆ దేశమున మొదటిసారిగా ఆరంభమై, వాలునకు అడ్డముగా మొక్కజొన్న ఒక పట్టె, లూసర్న్ గడ్డి ఒక పట్టెగా విత్తు పద్ధతి వ్యాపించెను. మట్టిని కాపాడుటకై చేసిన ఏర్పాటు జింకలకును అనుకూలించెను. ఆ సంవత్సరమే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఆచార్యపదవిని స్వీకరించి, 'గేమ్ మేనేజ్‌మెంట్' అను గ్రంథమును ప్రకటించిన ఆల్డో లియోపోల్డ్, మేతనిచ్చు నేలయు మరుగునిచ్చు నేలయు కలిసికొను అంచుల నిడివిని బట్టియే ఇట్టి మృగముల సమృద్ధి యుండునని వివరించెను. నూరెకరముల అడవి ఒక ప్రక్కను, నూరెకరముల చేను ఒక ప్రక్కను ఉన్నప్పటికంటె, రెండును చిన్నచిన్న ముక్కలుగా ఒకదానిలో నొకటి చొచ్చియున్నపుడు ఆ అంచు పలురెట్లు పెరుగును. డ్రిఫ్ట్‌లెస్ ప్రాంతమంతయు ఇట్టి అంచుల అల్లికయే.

జింక ఏల చేనికి వచ్చునో అందరెరుగుదురు. ఏల అచ్చట నిలువదో తెలియుటకు దాని కడుపును గూర్చి కొంత చెప్పవలెను. అమెరికా సేద్యభూములలో వసించు తెల్లతోక జింక ఆవువలెనే నాలుగు అరల జీర్ణాశయము గలిగి నెమరువేయు జంతువు. కాని ఆవువలె దొరికిన గడ్డినంతటిని మ్రింగక, లేతచిగురు, మొగ్గ, కాయ, గింజ అని యేరి తినును. మొదటి అరలోని సూక్ష్మజీవులు ఆ మేతను పులియబెట్టుచుండగా అది మరల నోటికి వచ్చి నమలబడును. అందుచేత, ప్రమాదమెక్కువగల బట్టబయట వడివడిగా కడుపు నింపుకొని, నాలుగు దిక్కులు కనిపెట్టుటకు వీలైన మరుగున పండుకొని తీరికగా నమలుకొనుట దానికి సాధ్యమగుచున్నది. చేనికిని పడకకును నడుమ నిత్యయాత్రను కల్పించినది ఈ శరీరధర్మమే. ఉదయసంధ్య, సాయంసంధ్య ఆ యాత్రకు ముఖ్యకాలములు. కంటి వెనుక వెలుతురును తిప్పికొట్టు పొర యుండుటచేత మనకు చీకటియైన వేళను దానికి చూపు చక్కగా ఆనును.

పడకనుండి లేచిన జింక తిన్నగా చేనిలోనికి దిగునని తలపరాదు. చేనికి ఏబది నూరు గజముల యివతల, పొదలు దట్టమైన చోట, చిగుళ్లు కొరుకుచు, చెవులు త్రిప్పుచు, గాలిని మూర్కొనుచు, వెలుతురు తగ్గువరకు చాలసేపు తారట్లాడును. వయసు ముదిరిన మగజింకలకు ఈ జాగు మరింత యెక్కువ. చట్టము సూర్యాస్తమయమైన కొలదిసేపటికే వేటను నిలుపుమనుచున్నది గనుక, చేని గట్టున కూర్చుండినవాడు తరచుగా గిట్టల చప్పుడు మాత్రము విని దిగిరావలసివచ్చును. నూరు గజములు లోనికి జరిగి మంచె కట్టినవానికి అదే జింక అరగంట ముందుగా, వెలుతురుండగనే కనబడును. స్థలనిర్ణయమున మొదటి మెట్టు ఈ నూరు గజములే.

ఇక చేనిలో పైరేదో, అది ఏ దశలో నున్నదో చూడవలెను. జూలై, ఆగస్టు మాసములలో సోయాచిక్కుడు ఆకు లేతగా, మాంసకృత్తులతో నిండియుండును. కొమ్ములు ఇంకను మెత్తని నూగుచర్మముతో కప్పబడి పెరుగుచున్న మగజింకలు గుంపుగూడి, ప్రొద్దుండగనే వచ్చి నిర్భయముగా మేయును. వానిని దూరదర్శినిలో చూచి మురిసి, విల్లువేట ఆరంభమగు సెప్టెంబరు నడుమ ఆ చేనివద్దనే కాచుకొనుట ప్రతియేట అనేకులు చేయు పని. ఈలోపల మూడు మార్పులు జరిగిపోవును: సోయా ఆకు పసుపుబారి రుచి చెడును, కొమ్ములమీది చర్మము రాలి, మగజింకల రక్తమున టెస్టోస్టెరోన్ హెచ్చి, వేసవి చెలిమి చెదరి గుంపు విడిపోవును, అడవిలో ఓక్ కాయలు రాలనారంభించును.

ఈ మూడవది తక్కిన రెంటికంటె బలవత్తరము. తెల్ల ఓక్ కాయ పూచిన యేడే పండి రాలును. దానియందు వగరు తక్కువ. ఎర్ర ఓక్ కాయ పండుటకు రెండేండ్లు పట్టును. దానియందు టానిన్ అధికము. జింక మొదట తెల్ల ఓక్ కాయలను యేరి తిని, అవి తరిగిన పిమ్మట ఎర్రవానికి వచ్చును. దాని లాలాజలములోని కొన్ని మాంసకృత్తులు టానిన్‌ను పట్టి బంధించుటచేత, మనము నోట పెట్టి ఉమ్మివేయు వగరు దానిని అంతగా బాధింపదు. అక్టోబరులో చేలు బోసిపోయి, జింకలన్నియు మాయమైనవని వేటగాండ్రు వాపోవుట కద్దు. అవి ఓక్ చెట్ల క్రిందికి రెండుమూడువందల గజములు వెనుకకు జరిగియుండును, అంతే. అయితే ఓక్ అన్ని యేండ్లు సమముగా కాయదు. విరగకాచిన యేట చేని గట్టును పూర్తిగా విడిచి అడవి లోపలికి పోవలెను. కాపు తప్పిన యేట, గట్టి మంచు పడువరకు పచ్చగా నిలుచు లూసర్న్ పట్టెయే జింకకును వేటగానికిని గతి. ఆగస్టులో ఒక గంట వెచ్చించి ఓక్ కొమ్మలను తలయెత్తి పరీక్షించినవానికి అక్టోబరులో ఎక్కడ కూర్చుండవలెనో సగము తెలిసిపోవును.

మొక్కజొన్న సంగతి వేరు. అది మేతయు, మరుగును. నిలువెత్తును మించి పెరిగి, పండి, ఎండి నిలిచియున్న పెద్ద మొక్కజొన్న చేను జింకకు రెండవ అడవి. లోపలనే పండుకొని, లోపలనే మేసి, దినములకొలది బయట కానరాక యుండగలదు. అది నిలిచియున్నంత కాలము ప్రక్క అడవిలోని త్రోవలు వాడుకలేక వెలవెలబోవును. కోతయంత్రము దిగిన పూట ఈ స్థితి తలక్రిందులగును: మరుగు తొలగిపోయి జింకలు వాలుమీది అడవికి చేరును, నేలరాలిన గింజలకై ఆ రాత్రియే మరలివచ్చును. రైతు వెంటనే దున్నినచో గింజ మట్టిలో కలిసి ఆ ఆకర్షణ నాలుగునాళ్లలో అంతరించును. దున్నక విడిచినచో శీతకాలమంతయు నిలుచును. కావున ఏ చేను ఎన్నడు కోయబడునో, కోసిన పిదప ఏమి చేయుదురో తెలిసియుండుట ఎంత ఖరీదైన దూరదర్శినికంటెను మేలు. ఆ ప్రాంతపు భూమి చాలవరకు ప్రైవేటు రైతులది. వారి అనుమతి లేనిదే కంచె దాటరాదు. అనుమతి కోరబోయినవాడు ఆ రెండు ప్రశ్నలును అడిగిరాకపోవుట అవివేకము.

స్థలమెంత చక్కనిదైనను, గాలి ప్రతికూలించిన దినమున దానివలన ప్రయోజనము లేదు. జింక కంటిని మోసగించుట సాధ్యము. చెవినైనను కొంతవరకు సాధ్యము. ముక్కును మోసగించుటకై సబ్బులని, బొగ్గు నింపిన వస్త్రములని, పరిమళములని వ్యాపారులు అమ్ముచున్నవి కొల్లలు. వానియందు నాకు విశ్వాసము తక్కువ. మన దేహమునుండి చర్మపు నలుసులును ఆవిరులును ఎడతెగక గాలివెంట పోవుచునే యుండును. చేయగలిగినదెల్ల ఆ వాసనను జింక నడువని దిక్కునకు పంపుటయే.

చదునునేలయందు ఇది తేలిక. వాయవ్యపు గాలి వీచునపుడు జింక త్రోవకు ఆగ్నేయమున కూర్చుండవలెను. కొండనేలయందు ఈ లెక్కకు మరియొక లెక్క చేరును. ప్రొద్దెక్కి వాలు వేడెక్కగా దానిని అంటియున్న గాలి తేలికయై పైకి ప్రాకును. ప్రొద్దువాలి నేల చల్లబడగా అదే గాలి బరువెక్కి పల్లమునకు జారి లోయలో నిండును. పగటిగాలి బలముగా వీచునంతసేపు ఈ మందగమనము తెలియదు; సాయంకాలము గాలి పడిపోగానే, సరిగా జింకలు కదలు వేళకే, ఇది ప్రబలమగును. ఇప్పుడు కొండవెన్నుమీది లూసర్న్ చేనిని తలచుకొందము. జింకలు క్రింది వాలునుండి పైకెక్కి వచ్చును. వేటగాడు చేని అంచున చెట్టుమీద నుండును. నాలుగు గంటలకు గాలి వాని వాసనను చేనిమీదుగా దూరమునకు కొనిపోవుచుండును. ఐదున్నరకు గాలి నిలిచిపోవును. అంతట ఆ వాసన చెట్టుదిగి, వాలువెంట జారి, ఎక్కివచ్చుచున్న జింకల ముక్కులకు తిన్నగా చేరును. పొదలలోనుండి గట్టిగా చీదిన శబ్దమొకటి వినబడును. తెల్లని తోకలు పైకి లేచును. ఆనాటి వేట అంతటితో సరి. వెన్నుమీది చేను సాయంకాలపు వేటకు చూపులకు తోచునంత మంచిది కాకపోవుటకు కారణమిది. చేని అంచునుండి క్రిందికి దిగు లోతైన వానకోత యేదైన నున్నచో, జింకలు నడువని ఆ కోత తలాపున మంచె కట్టినవాని వాసన ఆ కోతలోనికే జారిపోవును. అట్టి చోటు దొరకనిచో ఆ చేనిని సాయంకాలము విడిచిపెట్టుటయే నా మతము. లోయ అడుగునున్న మొక్కజొన్న చేనికి దిగివచ్చు జింకలను కాచువానికి ఈ చిక్కు లేదు: జింకలు పైన, తాను క్రింద, దిగుగాలి వానికి తోడ్పడును.

ఉదయమున కథ తిరుగబడును. మేత ముగించిన జింకలు పడకలకు మరలును. ఆ పడకలు సామాన్యముగా వాలు ఎత్తులో పైమూడవ భాగమున, గాలిమరుగు వైపున ఉండును. వెన్ను దాటివచ్చు గాలి వెనుకనుండి వాసన తెచ్చును; ఎండకు లేచు గాలి క్రిందినుండి తెచ్చును; కన్నులు ముందున్న వాలును కాచును. ఇంతకంటె పటిష్ఠమైన కాపలాను ఏ సేనాపతి యేర్పరచగలడు? ఉదయపు వేటగాడు తెల్లవారకమునుపే, చేనిని తాకక, వేరొక దిక్కునుండి వచ్చి, జింకల త్రోవకు కొంచెము పైన ప్రక్కగా చేరియుండవలెను.

గాలిని కంటితో చూచుటకు అచ్చటివారు పాటించు ఉపాయము సులభమైనది. మిల్క్‌వీడ్ అను మొక్క మన జిల్లేడు కుటుంబమునకు చెందినది. దాని కాయ పగిలినపుడు వెలువడు దూదిపింజలను జేబులో నుంచుకొని ఒక్కొక్కదానిని వదలుదురు. ముఖమునకు తగిలిన గాలి ఒక దిక్కు చెప్పుచుండగా, పింజ ఇరువది గజములు పోయి, చెట్లవరుసను తాకి సుడి తిరిగిన గాలిలో చిక్కి, వెనుకకు మరలి వచ్చుట తరచుగా చూడవచ్చును. చేని అంచున చెట్లు గోడవలె నిలుచుటచేత ఇట్టి సుడులు అచ్చటనే యెక్కువ.

నేల రూపమును గూర్చి పుస్తకములు విస్తారముగా వ్రాసినవి గనుక నేను ముఖ్యమైనవి మాత్రము చెప్పెదను. చేను ఒక మూలగా అడవిలోనికి చొచ్చియున్నచోట ఆ మూలను చుట్టి ఒక త్రోవ దాదాపు ఎల్లప్పుడు నుండును. ఏలన, బట్టబయటికి రాక ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు పోవుటకు అదియే దగ్గరిదారి. రెండు చేలను విడదీయు సన్నని చెట్లపట్టె, కంచె వెంబడి పెరిగిన పొదలు, కొండవెన్ను వంగిన కనుమ, ఏరు దాటు రేవు ఇట్టివే. తీగకంచెను అవలీలగా దుమికగల జింక, తీగ సడలినచోటు దొరికినచో దానికై చుట్టు తిరిగి పోవుట వింత. అచ్చట తీగకు చిక్కిన రోమములు మంచి సాక్ష్యము. చేనిలోని నష్టము సామాన్యముగా అడవిని ఆనుకొనిన వరుసలలో నధికము. జింకకు పైదవడయందు ముందరి పండ్లు లేవు. కావున అది త్రుంచిన మొక్క కొన పీచులు పీచులుగా చీలియుండును. కుందేలు కొరికినది కత్తితో కోసినట్లు నునుపుగా, ఏటవాలుగా నుండును. ఈ భేదము తెలిసిన రైతు తన చేనిలోనికి ఎవరు ఏ మూలనుండి వచ్చుచున్నారో జింకను చూడకయే చెప్పగలడు.

మంచె యెక్కుటకంటె దిగుట కష్టమను మాట వినుటకు విడ్డూరముగా నుండును. చీకటి పడినవేళ చేనిలో జింకలు నిండియుండగా వేటగాడు చెట్టు దిగి చేని నడుమగా నడచిపోయెనా, ఆ రాత్రితో అవి పాఠము నేర్చుకొనును. ఇట్లు కొలది దినములు జరిగినచో పగటివేళ ఆ చేనిలో అడుగుపెట్టుట మానివేయును. రాకపోకలకు జింకలకు తెలియని దారి, ఉదాహరణమునకు ఏటి నీటిలోనుండి నడచిపోవు దారి, లేని స్థలము ఎంత సారవంతమైనదైనను పనికిరాదు. ఇందువలననే అనుభవజ్ఞులు ఒక్క మంచెతో తృప్తిపడక, ఒక్కొక్క గాలికి ఒక్కొక్కటిగా మూడు నాలుగు మంచెలు కట్టుకొని, ఏ దినమునకు తగినదానిని ఆ దినమున ఎక్కుదురు.

నవంబరు రాగానే ఇంతవరకు చెప్పిన నియమములు కొంత సడలును. పగటి నిడివి తగ్గుటచేత ప్రేరితమైన ఎదకాలము ఇప్పుడు ముమ్మరించును. ఆడజింక సుమారు రెండువందల దినములు గర్భము మోయును. కావున నవంబరులో కలిసినచో, మేతయు మరుగును సమృద్ధమగు మే, జూన్ మాసములలో పిల్ల పుట్టును. మగజింకకు ఇప్పుడు మేతపై ధ్యాస లేదు. ఆడజింకల పడకలను ఒకదాని తరువాత నొకటి గాలిమరుగునుండి వాసన చూచుచు, మిట్టమధ్యాహ్నమైనను తిరుగును. చేనిని కాచువాడు ఇప్పుడు కాచవలసినది ఆడజింకలు మేయు చేనిని, అంతకంటె మేలుగా ఆ పడకలను కలుపు కనుమను.

ఆ నెలలోనే, థాంక్స్‌గివింగ్ పండుగకు ముందటి శనివారమున, విస్కాన్సిన్‌లో తొమ్మిది దినముల తుపాకివేట ఆరంభమగును. ఐదులక్షలకు మించిన జనము ఒక్కసారిగా అడవులలో ప్రవేశింపగా మేతత్రోవలు అన్నియు చెడి, జింకలు దట్టమైన పొదలకును ఒంటరి వాలులకును తరలిపోవును. చేని అంచు తొలి ఉదయము తరువాత దాదాపు నిరుపయోగము. అప్పుడు వేటగాండ్రందరు కొట్టవచ్చినట్లు కనబడు నారింజరంగు దుస్తులు ధరింపవలెను. 2016 నుండి అట్లే కొట్టవచ్చినట్లు మెరయు గులాబీరంగును కూడ అనుమతించిరి. జింక కంటిలో రంగులనెరుగు కణములు రెండు విధములవే యుండుటచేత, మనకు మండుచున్నట్లుండు ఆ నారింజ దానికి ఆకులనుండి వేరుగా తోపదు. కదలనివానికి ఆ రంగు హాని చేయదు. మంచెనుండి జారిపడుట మాత్రము వేటలో గాయములకు పెద్ద కారణములలో నొకటి. దేహమంతటిని పట్టియుంచి చెట్టుకు కట్టుకొను పట్టీ లేక ఎక్కువాడు ఎంత నేర్పరియైనను మూర్ఖుడే. గుండు తప్పినచో ఎచ్చటికి పోవునో, వెనుక నేల యున్నదో, ఇల్లున్నదో, పశువులున్నవో స్థలము ఎన్నుకొనునపుడే చూచుకొనవలెను.

ఈ వేటయంతయు ఏల యని తెలుగుదేశపు పాఠకుడు అడుగుట న్యాయము. 1900 ప్రాంతమున అమెరికాయందు తెల్లతోక జింకలు ఐదులక్షలకు మించి లేవని అంచనా. చట్టరక్షణవలనను, 1937 నుండి తుపాకులమీదను మందుగుండుమీదను వసూలగు పన్నును వన్యప్రాణుల పునరుద్ధరణకు వినియోగించుటవలనను, వాని సంఖ్య నేడు సుమారు మూడుకోట్లకు చేరినది. తోడేళ్లు 1960 నాటికి విస్కాన్సిన్‌లో నశించి, తరువాత మరల వచ్చినను, అవి ముఖ్యముగా ఉత్తరపు అడవులకే చేరినవి. దక్షిణపు సేద్యభూములలో జింకల సంఖ్యను అదుపుచేయు పని చాలవరకు మనుష్యుని పాలబడినది. 1943లో ఆడజింకలను కూడ వేటాడనీయవలెనని లియోపోల్డ్ వాదించినపుడు ప్రజలు ఆయనను తీవ్రముగా దూషించిరి; మేత చాలక అడవులే క్షీణించుచున్న సంగతి వారికి తరువాతగాని తెలియలేదు. 2002లో మెదడును క్షీణింపజేయు ప్రియాన్ వ్యాధి ఆ రాష్ట్రపు జింకలలో బయటపడెను. అప్పటినుండి వ్యాధి సోకిన ప్రాంతములలో గింజలు కుప్పపోసి జింకలను రప్పించుట నిషిద్ధము. కుప్ప లేనివానికి పైరును, ఓక్ చెట్టును, గాలిని చదువుట తప్పనిసరి. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము జింకను, దుప్పిని, కణుజును వేటాడుట నేరము. ఆంధ్రప్రదేశ్‌లోని రోళ్ళపాడు పరిసరములలో కృష్ణజింకల మందలు చేలమీద పడుటచేత రైతులు పడు బాధ నిజమైనదే; అచ్చట మంచెమీద కూర్చుండువాడు కేకవేసి తరుముటకే గాని కొట్టుటకు కాదు. అంచు, మరుగు, మేత అను మూడింటి లెక్క మాత్రము అతనికిని పనికివచ్చునదే.

వేట ఋతువు ముగిసి ఫిబ్రవరి, మార్చి మాసములు వచ్చునప్పటికి వేటగాండ్రు పలువురు తుపాకులను మూలబెట్టి మరచిపోదురు. అసలు స్థలనిర్ణయమునకు అదియే మేలైన కాలము. ఆకులు రాలి అడవి లోపలి రూపము తేటపడియుండును. మంచుమీద త్రోవలు గీచినట్లుండును. దక్షిణపు ఎండ తగులు వాలులలో మంచు కరిగి ఒత్తుకొనిపోయిన పడకలు, శరత్తున కొమ్ములతో రాచిన చెట్ల బెరడు, రాలిపడిన కొమ్ములు ఒక్కొక్కటిగా కనబడును. జింకలు బెదరినను అప్పుడు చింతలేదు; వేట మరల సెప్టెంబరులోగాని ఆరంభము కాదు. ఆ వేసవిలో రైతు ఏ పట్టెలో సోయా, ఏ పట్టెలో మొక్కజొన్న విత్తదలచెనో అడిగి, గడచిన యేటి త్రోవలలో ఏవి నిలుచునో, ఏవి మారునో గుర్తుపెట్టుకొని, మంచె కట్టదగిన చెట్లకు అప్పుడే ఆనవాలు పెట్టుకొందురు.